ఇంటి రసాయనాలు: ఏది ఏ జట్టు?



రసాయనాలు అనగానే చాలామందికి ఫ్యాక్టరీ పొగగొట్టాలో, కాలేజీ ల్యాబులోని గాజు సీసాలో గుర్తొస్తాయి. మన ఇంటికి వాటితో ఏం పనిలే అనుకుంటాం. ఒక్కసారి పొద్దుటి నుంచి రాత్రి దాకా మన చేతులు వేటిని ముట్టుకుంటున్నాయో చూడండి. పళ్లకు పేస్టు, ఒంటికి సబ్బు, పులుసులోకి చింతపండు, పునుగుల పిండిలోకి చిటికెడు వంటసోడా, అంట్లకు పౌడరు, బట్టలకు సర్ఫు. స్నానాలగదిలో ఫినాయిలు, యాసిడ్ సీసా. పెరట్లో బ్లీచింగ్ పౌడరు. బీరువాలో కలరా ఉండలు, దేవుడి గూట్లో కర్పూరం. ఇవన్నీ రసాయనాలే. వీటితో మనకు రోజూ పనే. వీటి స్వభావం తెలిసి వాడితే ఇల్లు శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంటుంది. తెలియకపోతే వస్తువు పాడవుతుంది, ఒక్కోసారి మనిషికే ప్రమాదం వస్తుంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇన్ని వస్తువుల పేర్లు, ఫార్ములాలు ఎవరూ కంఠస్థం చేయనక్కర్లేదు. ఇంట్లో ఎక్కువగా వాడేవాటిలో మూడు జట్లున్నాయి. ఒకటి పులుపు జట్టు, అంటే ఆమ్లాలు. రెండోది క్షారాల జట్టు, అంటే సోడా, సున్నం, సబ్బు. మూడోది బ్లీచింగ్ జట్టు. చేతిలో ఉన్న వస్తువు ఏ జట్టుదో తెలిస్తే చాలు. దేనికి వాడాలి, దేనితో కలపకూడదు, ఎక్కడ పెట్టాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దాదాపు దొరికినట్టే.

మరి జట్టును గుర్తుపట్టడం ఎలా? ల్యాబులో అయితే లిట్మస్ కాగితం ఉంటుంది. మన వంటింట్లో పసుపు డబ్బా ఉంది. పెళ్లిళ్లలో కొత్త దంపతులకు ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మీరంతా చూసే ఉంటారు. ఆ పళ్లెంలో ఎర్రరంగేమీ పోయరు. పసుపు కలిపిన నీళ్లలో కాస్త సున్నం వేస్తారు, అంతే, నీళ్లు ఎర్రబడతాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా పసుపు, సున్నం కలిపి చేసేదే. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంది. పులుపు తగిలినా, మామూలు నీళ్లు తగిలినా అది పసుపుపచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. తెల్లచొక్కా మీద సాంబారు పడితే గాభరాగా సబ్బు రుద్దుతాం కదా, మరక పోకపోగా ఎర్రగా మారుతుంది. అదీ ఈ గుణమే. కంగారు పడకండి. సబ్బు పూర్తిగా పోయేలా జాడించి ఎండలో ఆరేయండి. మరక మళ్లీ పసుపుకు తిరుగుతుంది, ఎండ వెలుగుకు కర్కుమిన్ విరిగిపోయి క్రమంగా మాసిపోతుంది.

ఈ సెలవుల్లో పిల్లలతో ఒక పని చేయించండి. అరచెంచా పసుపును నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కలిపి, తెల్లకాగితం ముక్కలను అందులో ముంచి, నీడలో ఆరబెట్టండి. ఆరాక ఒక ముక్క మీద నిమ్మరసం, ఒకదాని మీద చింతపండు రసం, ఇంకోదాని మీద మజ్జిగ, మిగతావాటి మీద సబ్బు నీళ్లు, వంటసోడా నీళ్లు, సర్ఫు నీళ్లు, ఇలా ఒక్కో చుక్క వేయించండి. నిమ్మ, చింత, మజ్జిగ పడ్డచోట రంగు మారదు. సర్ఫు, సబ్బు పడ్డచోట గోధుమ ఎరుపు తేలుతుంది. వంటసోడా దగ్గర ఆ ఎరుపు కాస్త పలచగా ఉంటుంది, ఎందుకంటే అది మెత్తని క్షారం. ఎరుపెక్కిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చన! పిల్లల కళ్లు చక్రాల్లా తిరుగుతాయి. ఒక్క జాగ్రత్త: స్నానాలగది యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును, కిళ్లీ సున్నాన్ని ఈ ఆటలోకి రానివ్వకండి.

ఇక మొదటి జట్టు, పులుపు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే తెల్లటి పలుకులు సిట్రిక్ ఆమ్లమే. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కడుపులో అన్నం అరగడానికి ఊరేదీ అదే ఆమ్లం. బలాల్లో తేడా ఎంతున్నా ఈ జట్టుకు ఉమ్మడిగా రెండు గుణాలున్నాయి. లోహాల మీద పట్టిన నల్లపొరను కరిగిస్తాయి. సున్నపు పెచ్చులను కరిగిస్తాయి.

శ్రావణమాసం వస్తోందంటే ఇంట్లో ఇత్తడి కుందులు, రాగి చెంబులు బయటికి వస్తాయి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. గాలిలోని ఆక్సిజన్, తేమ తగిలి దాని మీద నల్లటి పొర కడుతుంది. గట్టిగా రుద్దితే అది పోదు, చేతులు నొప్పెడతాయి, గిన్నెకు గీతలు పడతాయి. అందుకే మన ఇళ్లలో చింతపండు వాడతారు. నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు వేసి, ఆ గుజ్జును కుంది మీద పట్టించి రెండు నిమిషాలు ఆగండి. వేలితో రాస్తే నలుపు దానంతటదే జారి గుజ్జులోకి దిగుతుంది, కింద బంగారు రంగు బయటపడుతుంది. ఆమ్లం ఆ నల్లపొరను కరిగిస్తే, ఉప్పు ఆ పనిని త్వరపెడుతుంది. ఆ తర్వాతి పనే చాలామంది మరిచిపోయేది. పుష్కలంగా నీళ్లు పోసి కడిగి, పొడిబట్టతో తడి లేకుండా తుడవాలి. పులుపు ఏ మూలనో మిగిలితే నాలుగు రోజులకు అక్కడ పచ్చటి కిలుం పడుతుంది.

రాగిని కరిగించే ఈ గుణమే వంట దగ్గర మనకు ఎదురు తిరుగుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాచినా, మజ్జిగ నిలవ ఉంచినా రాగి అందులోకి దిగుతుంది. తింటే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకే పాత రోజుల్లో ఇత్తడి వంటపాత్రలకు కళాయి వేయించేవారు. కళాయి పనివాడు వీధిలో కొలిమి పెట్టి గిన్నెను బాగా కాల్చి, లోపల నవాసారం పొడి చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ లేచేది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది విడిపోయి, అందులోంచి వచ్చిన ఆమ్లం లోహం మీది మురికి పొరను క్షణంలో తినేస్తుంది. అప్పుడు తగరం ముక్క తాకిస్తే, అది 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి, గుడ్డతో ఒక్క తుడుపుకు గిన్నె లోపలంతా వెండిలా పరుచుకునేది. మీ ఇంట్లో అటకెక్కిన ఇత్తడి గిన్నెలను మళ్లీ వంటకు దింపాలనుకుంటే ముందు కళాయి వేయించండి. కళాయి అరిగిన గిన్నెలో పులుపు వండకండి.

పులుపుకు రెండో పని సున్నపు పెచ్చు తీయడం. బోరునీళ్లు వాడే ఇళ్లలో బకెట్‌కు తెల్లటి చారలు, నీళ్లు కాచే హీటరు రాడ్డుకు గట్టి పెంకు కనిపిస్తాయి. ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, నీళ్లు కాగినప్పుడో, ఆరినప్పుడో కాల్షియం కార్బొనేట్‌గా బయటపడి అలా అంటుకుంటుంది. పెంకు పట్టిన హీటరు కరెంటు ఎక్కువ తాగుతుంది. ప్లగ్గు తీసేసి, రాడ్డు పూర్తిగా చల్లారాక, లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పెంకు ఉన్నంతమేర నానబెట్టండి. సన్నగా బుడగలు లేస్తాయి. అది కార్బన్ డయాక్సైడ్. గంటా రెండు గంటల్లో పెంకు ఊడి వస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. ఈ పనికి యాసిడ్ సీసా తెరవనక్కర్లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో నేలకు తాండూరు బండలో, కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతికి చెందినవి. మార్బుల్ కూడా అంతే. హీటరు మీది పెంకుకూ ఈ బండకూ మూలపదార్థం ఒకటే, కాల్షియం కార్బొనేట్. నిమ్మచెక్క పిండుతుంటే నాలుగు చుక్కలు మెరుగు పెట్టిన బండ మీద పడి ఆరితేనే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. ఇక నేల తెల్లబడుతుందని యాసిడ్ పోసి రుద్దితే ఏమవుతుందో ఆలోచించండి. మురికితో పాటు బండ పైపొర కూడా కరిగిపోతుంది. గరుకు తేలిన ఆ రాయి మరింత త్వరగా మురికి పడుతుంది. అప్పుడు మళ్లీ యాసిడ్ పోస్తాం. ఇలాంటి నేలకు కాస్త సబ్బు కలిపిన నీళ్లు చాలు. గ్రానైటు సంగతి వేరు, అది వేరే జాతి రాయి, ఇంటి పులుపులకు చలించదు.

ఇప్పుడు రెండో జట్టు, క్షారాలు. వేళ్ల మధ్య సబ్బులా జారడం వీటి లక్షణం. నూనెను, కొవ్వును విరగ్గొట్టడం వీటి పని. గ్యాసు పొయ్యిలు రాకముందు కట్టెల బూడిదతో, కొబ్బరి పీచుతో అంట్లు తోమేవాళ్లు. బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది నెయ్యి జిడ్డుతో కలిసి గిన్నెలోనే కొద్దిగా సబ్బుగా మారుతుంది. అందుకే జిడ్డు వదిలేది. చాకిరేవుల్లో బానలకెత్తి బట్టలు ఉడకబెట్టేటప్పుడు చవుడు మట్టి వాడేవారు. ఆ మట్టిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది. ఈనాడు మనం కొట్లో కొనే బట్టల సోడా అదే పదార్థం. సబ్బు పొడి ప్యాకెట్లలోనూ అది ఉంటుంది.

బట్టల సోడాకు ఇంకో గొప్ప గుణం ఉంది. బోరునీళ్లలో సబ్బు నురగ రాదని, తెల్లటి తెట్టు కడుతుందని ఆడవాళ్లు అంటుంటారు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని తెట్టుగా మారుస్తాయి. ఆ తెట్టే తెల్లబట్టలను బూడిదరంగుకు తిప్పుతుంది. బకెట్ నీళ్లలో ముందుగా ఒక చెంచా బట్టల సోడా వేసి కలిపి కాసేపు ఆగితే, కాల్షియం అడుక్కు దిగిపోతుంది. పైనీళ్లను వంచుకుని అప్పుడు సబ్బు వేస్తే నురగా వస్తుంది, సబ్బూ ఆదా అవుతుంది.

కానీ పట్టుబట్టను, ఉన్నిని ఈ సోడా దరిదాపులకు రానివ్వకండి. నూలు చెట్టు నుంచి వచ్చింది, క్షారాన్ని తట్టుకుంటుంది. పట్టు పురుగు నుంచి, ఉన్ని గొర్రె నుంచి వచ్చాయి. ఆ రెండూ ప్రొటీన్లు, మన వెంట్రుకల్లాంటివే. క్షారం వాటిని కొరికేస్తుంది, మెరుపు చంపేస్తుంది. ధర్మవరం పట్టుచీరనో, పోచంపల్లి పట్టునో ఇంట్లో ఉతకాల్సి వస్తే కుంకుడుకాయ రసంతో చల్లటి నీళ్లలో జాడించాలని పెద్దవాళ్లు చెప్పడం అందుకే. కుంకుడులో సపోనిన్లు ఉంటాయి. క్షారం లేకుండానే నురగ తెచ్చి మురికి వదిలిస్తాయి. తలస్నానానికి కుంకుడు మంచిదైంది కూడా ఆ కారణంగానే. కంట్లో పడితే మంట తప్పదు, అది వేరే సంగతి.

సత్తు గిన్నెల మాట కూడా చెప్పాలి. అల్యూమినియానికి పులుపూ పడదు, క్షారమూ పడదు. సోడా తగిలితే నల్లబడుతుంది, చింతపండు పులుసు కాస్తే లోహం కొంత పులుసులోకి దిగుతుంది. సత్తు గిన్నెలో అన్నం వండుకోండి, నీళ్లు కాచుకోండి. పులుసుకు, పచ్చడికి స్టీలో, మట్టిపాత్రో వాడండి.

వంటసోడా ఈ జట్టులో మృదువైనది. అది సోడియం బైకార్బొనేట్. పుల్లటి పిండి తగిలినా, నూనె వేడి తగిలినా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ బుడగలే పునుగును, బజ్జీని గుల్లగా పొంగిస్తాయి. ఎక్కువైతే మిగిలిపోయిన సోడా వల్ల సబ్బు వాసన, ఎర్రటి రంగు వస్తాయి. కందిపప్పు త్వరగా ఉడకాలని కొందరు సోడా వేస్తారు. పప్పు మెత్తబడేమాట నిజమే కానీ, అందులోని బి1 విటమిన్ నాశనమవుతుంది. ముందుగా నానబెట్టిన పప్పుకు ఆ అవసరమే ఉండదు. ఇంకొక మాట, బీపీ ఉన్నవాళ్లు గమనించాలి. ఒక చెంచా, అంటే 5 గ్రాముల వంటసోడాలో దాదాపు 1.4 గ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తంలో 2 గ్రాముల సోడియం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులో మంట అని రోజూ సోడా నీళ్లు తాగే అలవాటున్నవాళ్లు ఈ లెక్క చూసుకుని డాక్టరును కలవడం మంచిది.

సున్నం గురించి పిల్లలున్న ఇళ్లవాళ్లు శ్రద్ధగా వినండి. తాంబూలంలోకి వాడే తడి సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో దొరుకుతుంది. పిల్లలు దాన్ని నొక్కి ఆడుకుంటే అది పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. క్షారం కంటిపొరలోకి చొచ్చుకుపోయే గుణం కలది, చూపుకే ముప్పు తెస్తుంది. అలా జరిగితే ఒక్క క్షణం వృథా చేయకండి. పసుపు పెట్టడం, పాలు పోయడం లాంటివేవీ వద్దు. రెప్పలు తెరిచిపట్టి, శుభ్రమైన నీళ్లు ధారగా 15 నుంచి 20 నిమిషాల పాటు పోస్తూ కడగండి. రెప్పల కింద సున్నం పలుకులు మిగలకుండా చూడండి. ఆ తర్వాత కంటి ఆసుపత్రికి పరుగెత్తండి. ముందు నీళ్లు, తర్వాతే ఆసుపత్రి. ఈ వరస మారకూడదు.

ఈ రెండు జట్లు కలిస్తే ఏమవుతుంది? ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ఈమధ్య ఫోన్లలో వచ్చే వీడియోల్లో వంటసోడా మీద వెనిగర్ పోసి, బుసబుసా పొంగుతుంటే ఏ మురికైనా పోతుందని చూపిస్తున్నారు. పొంగు చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పొంగు ఆగాక అక్కడ మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కరిగిన నీళ్లు. పులుపు పని పోయింది, సోడా పని కూడా పోయింది. జిడ్డుకు సోడా విడిగా వాడండి. సున్నపు పెచ్చుకు పులుపు విడిగా వాడండి. అప్పుడే దేని బలం దానికి ఉంటుంది.

పులుపు, సోడా కలిస్తే వచ్చే నష్టం అంతవరకే. మూడో జట్టుతో అలా కాదు. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బ్లీచింగ్ పౌడరును ఆరిన సున్నంలోకి క్లోరిన్ వాయువును పంపి తయారుచేస్తారు. 1799లో స్కాట్లండ్‌కు చెందిన చార్లెస్ టెన్నెంట్ బట్టలను తెల్లగా చేయడానికి దీనికి పేటెంటు తీసుకున్నాడు. రంగును చంపినట్టే ఇది క్రిములనూ చంపుతుంది. తుపాను వచ్చి వెళ్లాక, వరద తీశాక మన కోస్తా ఊళ్లలో, గోదావరి లంకల్లో పంచాయతీ వాళ్లు ముందుగా పంచేది బ్లీచింగ్ పౌడరునే. కలరా, టైఫాయిడ్, నీళ్ల విరేచనాల నుంచి ఎన్ని ఊళ్లను కాపాడిందో చెప్పలేం.

బావిలో వేసే పద్ధతి చాలామందికి తెలియదు. పొడిని నేరుగా గుమ్మరించకూడదు. లెక్క ఇలా ఉంటుంది. మంచి నాణ్యమైన పొడి అయితే, తేటగా ఉన్న 1,000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాములు చాలు. బావి అడ్డంగా 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు ఉందనుకోండి. అందులో దాదాపు 9,400 లీటర్ల నీళ్లున్నట్టు. అంటే 24 గ్రాముల పొడి కావాలి. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లో వేసి, కొద్దిగా నీళ్లు పోసి ముద్దలా కలిపి, తర్వాత ముప్పాతిక బకెట్ దాకా నీళ్లు పోసి తిప్పాలి. 10 నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కు చేరుతుంది. పైన తేరిన నీళ్లను మాత్రమే మరో బకెట్‌లోకి వంచుకోవాలి. అడుగు సున్నం బావిలో పడితే నీళ్లు కఠినమవుతాయి. ఆ తేట నీళ్ల బకెట్‌ను తాడుతో బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడిస్తూ నీళ్లంతా కలిసేలా చేయాలి. గంట ఆగాక నీళ్లు తోడుకోవచ్చు. వరద బురద కలిసిన బావి అయితే ఈ లెక్క సరిపోదు, బురద క్లోరిన్‌ను మింగేస్తుంది. అప్పుడు ఆరోగ్య సిబ్బందిని పిలిచి, నీటిలో మిగిలిన క్లోరిన్ ఎంతో పరీక్ష చేయించి వేయించుకోండి.

మట్టినీళ్లు తేర్చడానికి పటిక ఉంది, మన ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు కూడా. ఇవి బురదను దింపుతాయే గానీ క్రిములను పూర్తిగా చంపవు. పటికతో తేర్చిన నీళ్లు తళతళలాడుతున్నాయని తాగేయకండి. కాచైనా తాగాలి, క్లోరిన్ బిళ్ల వేసైనా తాగాలి.

బ్లీచింగ్ పౌడరు మూత తీసి పెడితే బలం ఇగిరిపోతుంది. తేమ తగలని చోట, మూత బిగించి పెట్టుకోండి. ఏడాది కిందటి సంచిలో మిగిలిన పొడిని నమ్ముకోకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బ్లీచింగ్ పౌడరునో, బ్లీచింగ్ ద్రావణాన్నో యాసిడ్‌తో కలపకూడదు. మరుగుదొడ్డి మరింత తెల్లబడాలని ముందు బ్లీచింగ్ చల్లి, దానిమీద యాసిడ్ పోసేవాళ్లున్నారు. అలా పోయగానే పచ్చటి, ఘాటైన క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న, మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీద వదిలింది ఈ వాయువునే. ఇది గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. స్నానాలగది లాంటి ఇరుకు చోట నేలబారున నిలిచిపోతుంది. వంగి కూర్చుని రుద్దే మనిషి ముక్కులోకే వెళ్తుంది. గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రావణాలతో బ్లీచింగ్ కలిసినా ఊపిరికి చేటు చేసే మరో వాయువు పుడుతుంది. అందుకని బ్లీచింగ్ వాడినరోజు బ్లీచింగే వాడండి. యాసిడ్ వాడాలనుకుంటే ఇంకోరోజు, ముందున్నదంతా నీళ్లతో కడిగేశాక వాడండి. ఏది వాడినా తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ సంగతి చెప్పండి. చేతులకు తొడుగులు ఇవ్వండి. ఆ ఇరుకు గదిలో ఎక్కువసేపు ఉండేది ఆమె. మన ఇల్లు మెరవడం కోసం ఆమె ఊపిరి పాడుకావడం న్యాయం కాదు.

పొరపాటున వాయువు పుడితే, దాన్ని కడగాలని లోపలే నిలబడకండి. వెంటనే బయటికి, గాలి తగిలే చోటికి రండి. దగ్గు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

విడిగా సీసాల్లో పోసి అమ్మే యాసిడ్‌ను కొనకపోవడమే మేలు. దాని బలం ఎంతో సీసా మీద ఉండదు. ఆడపిల్లల మీద యాసిడ్ దాడులను అరికట్టడానికి 2013లో సుప్రీంకోర్టు చిల్లర అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. కొనేవాళ్ల వివరాలు, గుర్తింపు కార్డు నమోదు చేయాలని, 18 ఏళ్లలోపువాళ్లకు అమ్మకూడదని ఆదేశించింది. పేరు, హెచ్చరిక, పిల్లలు తీయలేని మూత ఉన్న సీసాలోనే మరుగుదొడ్డి ద్రావణం కొనుక్కోండి.

ఈ మూడు జట్లలోకి రానివి, పిల్లలకు ప్రమాదం తెచ్చేవి మరికొన్ని ఉన్నాయి. కలరా ఉండల్లో ఎక్కువగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు కొందరుంటారు. ఆ పిల్లలు నాఫ్తలీన్ మింగినా, ఆ వాసన బాగా పట్టిన బట్టల్లో పడుకున్నా ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు, రక్తహీనత వస్తాయి. పసిపిల్లల బట్టల మధ్య ఆ ఉండలు పెట్టకండి. బీరువాలోంచి తీసిన దుప్పటిని ఎండలో వేసి, ఉతికాకే బిడ్డకు కప్పండి. కర్పూరంతోనూ జాగ్రత్త కావాలి. ప్రసాదాల్లో వేసేది పచ్చకర్పూరం, అదీ రవ్వంత. హారతికి వెలిగించే బిళ్లలు తినేవి కావు. పసిబిడ్డకు జలుబు చేసిందని ముక్కు దగ్గర కర్పూరం రాయడం, నూనెలో కలిపి నోట్లో పెట్టడం ఎంత ఆప్యాయతతో చేసినా తప్పే. కర్పూరం కడుపులోకి వెళితే పిల్లలకు కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు.

ఇక చివరి సంగతి, సీసాల సంగతి. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్ లాంటివాటిని ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో, మంచినీళ్ల సీసాల్లో పోసి ఉంచే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. దాహం వేసిన పిల్లవాడికి ఆ సీసా మంచినీళ్ల సీసాలాగే కనిపిస్తుంది. కరెంటు పోయిన రాత్రి పెద్దవాళ్లకూ అంతే. అలాంటిది ఏదైనా మింగితే వాంతి చేయించకండి. యాసిడ్ దిగేటప్పుడు ఒకసారి గొంతును కాలుస్తుంది, వాంతిలో పైకొచ్చేటప్పుడు రెండోసారి కాలుస్తుంది. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అసలు ప్రమాదం అక్కడే. ఉప్పునీళ్లు తాగించకండి. నోరు కడిగించి, ఆ సీసాను కూడా వెంట పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం మింగారో తెలిస్తే డాక్టరుకు చికిత్స సులువవుతుంది. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో విషాల గురించి సలహా చెప్పే జాతీయ కేంద్రం ఉంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800 116 117. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: 1800 116 117.

ఈ ప్రసంగం అయ్యాక ఒక అరగంట కేటాయించండి. వంటింటి గూడు, స్నానాలగది గూడు, బీరువా అడుగు ఒకసారి చూడండి. పేరు లేని సీసా కనిపిస్తే, అందులో ఏముందో ఇంట్లో ఎవరికైనా తెలిస్తే పేరు రాసి అంటించండి. ఎవరికీ తెలియకపోతే అది ఇంట్లో ఉండదగ్గది కాదు. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఒకే గూట్లోంచి విడదీయండి. పిల్లలకు అందే ఎత్తులో ఉన్నవాటిని పైకి మార్చండి. ఆ పనిలో పదేళ్లు దాటిన పిల్లలను పక్కన నిలబెట్టుకుని, ఇది ఏ జట్టు, దేనితో కలపకూడదు అని అడుగుతూ చెప్పించండి. బడిలో ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చే రోజుకు వాళ్లకు అది తమ ఇంటి సంగతిగా అర్థమవుతుంది. అంతకన్నా ముఖ్యం, మీరు ఇంట్లో లేని పూట కూడా వాళ్లు జాగ్రత్తగా ఉంటారు.